సీటు తర్వాత మరో కౌన్సెలింగ్: కామ్‌రేజ్ ట్రిపుల్ ఐటీ లాంటి క్యాంపస్‌లో విద్యార్థికి ఏ ఆరోగ్య సేవలు అందాలి?

కౌన్సెలింగ్ అనగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది సీట్ల కేటాయింపు. ర్యాంకు ఎంత, ఏ రౌండ్‌లో ఏ కాలేజీ వస్తుంది, ఏ బ్రాంచి పెట్టుకోవాలి అన్న లెక్కలతో ఒక వేసవి గడిచిపోతుంది. కాలేజీలో చేరాక అవసరం పడే కౌన్సెలింగ్ వేరే ఉంది. నిద్ర పట్టకపోయినా, బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయినా, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోయినా వెళ్లి కూర్చునే గది అది. ఆ గది క్యాంపస్‌లో ఎక్కడుందో చేరేనాటికి చాలామంది విద్యార్థులకు, తల్లిదండ్రులకు తెలియదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2023లో ఈ సంఖ్య 13,892కి పెరిగింది. క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉండటం ఇప్పుడు కాలేజీ ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. సుప్రీంకోర్టు దాన్ని తప్పనిసరి చేసింది. అయితే సేవ ఉండటం వేరు, అవసరమైన రోజున విద్యార్థికి అది అందడం వేరు. సొంత భాష వినిపించని ఊళ్లో చదివేవారికి ఈ తేడా ఇంకా పెద్దది. గుజరాత్‌లోని కామ్‌రేజ్ అందుకు ఒక ఉదాహరణ.

కామ్‌రేజ్‌లో ఏముంది?

సూరత్ నగర శివార్లలోని తాలూకా కేంద్రం కామ్‌రేజ్. ముంబయి, అహ్మదాబాద్‌లను కలిపే 48వ జాతీయ రహదారి ఇటుగానే వెళుతుంది. ఈ తాలూకాలోని ఖోల్వడ్‌లో ట్రిపుల్ ఐటీ సూరత్ క్యాంపస్ ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ట్రిపుల్ ఐటీ అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ గుర్తొస్తాయి. అవి పదో తరగతి తర్వాత చేరే ఆర్జీయూకేటీ క్యాంపస్‌లు. సూరత్‌లోనిది వేరు. కేంద్రం, రాష్ట్రం, పరిశ్రమలు కలిసి ఏర్పాటు చేసిన ఇన్‌స్టిట్యూట్ ఇది. 2017లో మొదలైన ఈ సంస్థ తొలుత సూరత్‌లోని ఎన్ఐటీ ఆలనలో నడిచింది. 2020లో పార్లమెంటు చేసిన చట్ట సవరణతో భోపాల్, భాగల్‌పూర్, అగర్తలా, రాయచూర్ ట్రిపుల్ ఐటీలతో పాటు దీనికీ జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా వచ్చింది.

జేఈఈ మెయిన్ ర్యాంకుతో, జోసా ద్వారా ఇక్కడ సీట్లు భర్తీ అవుతాయి. ఎన్ఐటీల్లో ఉన్నట్టు సొంత రాష్ట్రం కోటా ఉండదు. అందువల్ల ఏ రాష్ట్రం విద్యార్థి అయినా ఇక్కడికి రావచ్చు. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగుతో సహా 13 భాషల్లో రాసే వీలుంది. అంటే ప్రవేశ పరీక్ష తెలుగులో రాయొచ్చు. క్యాంపస్‌లోకి వచ్చాక మాత్రం తరగతి గదిలో ఇంగ్లిష్, హాస్టల్‌లో హిందీ, గేటు బయట గుజరాతీ.

సూరత్‌కు తెలుగువాళ్లు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కార్మికుల కుటుంబాలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో దశాబ్దాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. కానీ విజయవాడ నుంచో వరంగల్ నుంచో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేరుగా హాస్టల్‌కు చేరే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఆ బస్తీలతో పరిచయం ఉండాలని లేదు. మాట పంచుకోవడానికి తనకు దగ్గరగా ఉండేది క్యాంపసే.

విశాఖలో మొదలైన కేసు

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ వర్తించే తీర్పు ఒక తెలుగు నగరంలో జరిగిన విషాదం నుంచి వచ్చింది. పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చి నీట్ శిక్షణ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆమె తండ్రి కోర్టుకు వెళ్లారు. సీబీఐ దర్యాప్తునకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించడంతో ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జులై 25న తీర్పు చెప్పింది. కేసును సీబీఐకి అప్పగించింది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. తగిన చట్టం వచ్చేవరకు అన్ని విద్యాసంస్థలూ పాటించాల్సిన 15 మార్గదర్శకాలు జారీ చేసింది. పాఠశాలలు, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు అన్నీ దీని కిందికి వస్తాయి.

భాష తెలియని ఊరికి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి కేసులో వచ్చిన ఈ తీర్పు, ఇప్పుడు అదే పరిస్థితిలో వేరే రాష్ట్రాల్లో ఉన్న తెలుగు విద్యార్థులకూ రక్షణే.

అందులో విద్యార్థులు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన అంశాలు ఇవి:

- 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉంటే బయటి నిపుణులతో అధికారికంగా ఒప్పందం ఉండాలి.
- పరీక్షల సమయంలో, కొత్త తరగతులకు మారే దశలో చిన్న చిన్న బృందాలకు మెంటార్లను లేదా కౌన్సెలర్లను కేటాయించాలి.
- అత్యవసర పరిస్థితి వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరి ద్వారా పంపాలో లిఖితపూర్వక విధానం ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లు, తరగతి గదులు, వెబ్‌సైట్‌లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.
- బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.
- మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం చేయకూడదు.
- మానసిక ఆరోగ్య విధానాన్ని సంస్థ వెబ్‌సైట్‌లో, నోటీసు బోర్డుల్లో ఉంచాలి. ఏటా సమీక్షించాలి.

దీనికి నాలుగు నెలల ముందు, 2025 మార్చి 24న, మరో కేసులో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎస్.రవీంద్ర భట్ దానికి అధ్యక్షులు.

కోర్టు కంటే ముందే యూజీసీ కూడా ఈ విషయం చెప్పింది. 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి ఉన్నత విద్యాసంస్థలో స్టూడెంట్ సర్వీసెస్ సెంటర్ ఉండాలని సూచించింది. ఒత్తిడి, సర్దుబాటు సమస్యలకు అదే ఏకైక కిటికీగా పనిచేయాలి. అందులో కనీసం ఒక మహిళా కౌన్సెలర్, ఒక పురుష కౌన్సెలర్ ఉండాలి. నేరుగానే కాకుండా ఫోన్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ మాట్లాడే వీలుండాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

క్యాంపస్ ఆరోగ్య సేవ అంటే జ్వరం మాత్రలు ఇచ్చే డిస్పెన్సరీ ఒక్కటే కాదు. వైద్యుడు లేదా నర్సు అందుబాటులో ఉండే సమయాలు, రాత్రిపూట వాహనం, దగ్గరి ఆసుపత్రితో ఒప్పందం, విద్యార్థులకు ఆరోగ్య బీమా, కౌన్సెలింగ్ గది, హాస్టల్ వార్డెన్, ఫ్యాకల్టీ అడ్వైజర్ అన్నీ కలిస్తేనే అది పూర్తి ఏర్పాటు అవుతుంది. వీటిలో మానసిక ఆరోగ్యానికి సంబంధించి మూడు రకాల నిపుణులు ఉంటారు. వారి మధ్య తేడా తెలిస్తే సమయం వృథా కాదు.

కౌన్సెలర్ మాట ద్వారా సాయం చేస్తారు. ఇంటి మీద బెంగ, చదువులో వెనకబడటం, స్నేహాల్లో తగాదాలు, ప్రేమ విఫలం కావడం, బ్రాంచి నచ్చకపోవడం లాంటివాటికి మొదట వెళ్లాల్సింది వీరి దగ్గరికే.

క్లినికల్ సైకాలజిస్టు మానసిక సమస్యలను పరీక్షల ద్వారా అంచనా వేసి, పద్ధతి ప్రకారం థెరపీ ఇస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉందో లేదో అడిగే హక్కు విద్యార్థికి ఉంది.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మనోవ్యాధి వైద్యంలో ప్రత్యేక విద్య పూర్తిచేసిన డాక్టర్. ఈ ముగ్గురిలో మందులు రాసేది వీరే. వారాల తరబడి నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, లేని మాటలు వినిపిస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా సైకియాట్రిస్టును కలవడం ఆలస్యం చేయకూడదు.

వేధింపుల సంగతి వేరు. ర్యాగింగ్ జరిగితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు. లైంగిక వేధింపులపై 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఉండాల్సిన అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయాలి. కౌన్సెలర్‌తో మాట్లాడితే ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. కావాలంటే రెండూ చేయొచ్చు.

చెప్పిన మాట బయటకు వెళుతుందా?

కౌన్సెలింగ్ గది తలుపు దగ్గరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసేలా చేసేది ఈ అనుమానమే. డీన్‌కు తెలుస్తుందా, ఇంటికి ఫోన్ చేస్తారా, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల మీద ప్రభావం పడుతుందా అన్న భయాలు సహజం.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 దీనికి సమాధానం చెబుతుంది. చికిత్స పొందే వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్య నిపుణుల బాధ్యత అని 23వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, చికిత్స చేస్తున్న మరో వైద్యుడికి అవసరమైనప్పుడు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ మినహాయింపుల్లోనూ అవసరమైన మేరకే చెప్పాలి.

కాబట్టి మొదటి సమావేశంలోనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "నేను చెప్పేది ఎవరికి, ఏ పరిస్థితుల్లో చెబుతారు?" మంచి కౌన్సెలర్ దీనికి విసుక్కోరు. అడగకముందే చెబుతారు.

పోలీసు కేసు అవుతుందన్న భయమూ కొందరు స్నేహితుల నోళ్లు కట్టేస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, విచారణకు, శిక్షకు గురిచేయకూడదని ఇదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఐపీసీలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన 309వ సెక్షన్‌ను 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ రూపంలో కొనసాగించలేదు. చికిత్సకు తీసుకెళ్లడానికి కేసు భయం అడ్డు కాకూడదు.

తెలుగులో మాట్లాడాలంటే?

లెక్కలు, కోడింగ్ ఇంగ్లిష్‌లో నేర్చుకోవచ్చు. బాధ చెప్పుకోవడం అలా కుదరదు. 'గుండె బరువుగా ఉంది', 'మనసు మనసులో లేదు', 'ఏం తోచడం లేదు' అన్న మాటలను హిందీలోకో ఇంగ్లిష్‌లోకో మార్చి చెప్పేసరికి అసలు విషయం సగం జారిపోతుంది. కౌన్సెలర్ మంచివారే అయినా, తన మాట అవతలివారికి చేరడం లేదనిపిస్తే విద్యార్థి రెండోసారి వెళ్లరు.

ఈ ఖాళీని కొంతవరకు పూడ్చేది టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు దీన్ని ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416 లేదా 1800-891-4416 నంబర్‌కు రోజులో ఏ వేళయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగుతో సహా 20 భాషల్లో సేవలున్నాయి. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే నిపుణుల దగ్గరకు, దగ్గరలోని ప్రభుత్వ వైద్య సేవలకు పంపుతారు. విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో తెచ్చిన మనోదర్పణ్ హెల్ప్‌లైన్ 8448440632 కూడా ఉంది.

ఫోన్ సేవ క్యాంపస్ కౌన్సెలర్‌కు ప్రత్యామ్నాయం కాదు. హాజరు తగ్గిందనో, పరీక్ష రాయలేకపోయాననో డీన్‌తో మాట్లాడాల్సి వస్తే క్యాంపస్‌లోని వారే మాట్లాడగలరు. మనసులోది తెలుగులో చెప్పుకోవడానికి ఫోన్, వ్యవస్థతో పని జరిపించుకోవడానికి క్యాంపస్ కౌన్సెలర్ అనుకుంటే రెండూ ఉపయోగపడతాయి.

తోటి విద్యార్థులూ ఈ పనిలో భాగం కావచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో 'సన్‌షైన్' పేరుతో కౌన్సెలింగ్ విభాగం ఉంది. ఇలాంటి విభాగాల్లో నిపుణులతో పాటు సీనియర్లు కూడా జూనియర్లకు తోడుంటే, సొంత భాష మాట్లాడే సీనియర్ దొరికే అవకాశం పెరుగుతుంది. సీనియర్ పని వైద్యం చేయడం కాదు. నిపుణుడి గది వరకు వెంట నడవడం.

గేటు దాటాక ఎక్కడికి?

క్యాంపస్‌లో కుదరని చికిత్సకు సూరత్ నగరంలో రెండు పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రులున్నాయి. ఒకటి ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా మజూరా గేట్ దగ్గరున్న న్యూ సివిల్ హాస్పిటల్. రెండోది ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మీమెర్. రెండింటిలోనూ మనోవ్యాధి చికిత్సా విభాగాలున్నాయి.

అత్యవసరమైతే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్స్ సేవ 2007లో గుజరాత్‌కు విస్తరించింది. అందువల్ల తెలుగు విద్యార్థికి కొత్త నంబరు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మహిళల కోసం గుజరాత్ ప్రభుత్వం నడిపే అభయం హెల్ప్‌లైన్ 181. అందులో కౌన్సెలర్లు ఉంటారు. అవసరమైతే వాహనంలో అక్కడికే వస్తారు.

ఖర్చు విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా సంస్థలు రక్షణ కల్పించాలని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. కాలేజీ ఫీజులో బీమా ప్రీమియం ఉంటే, పాలసీ కాగితం అడిగి తీసుకుని అందులో ఏముందో చూసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబాలకు అది గుజరాత్‌లోని గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తుంది, ఓపీ ఖర్చులకు కాదు. ఆరోగ్యశ్రీ రాష్ట్ర ప్రభుత్వ పథకం. బయటి రాష్ట్రంలోనూ పనికొస్తుందన్న భరోసాతో బయల్దేరకూడదు.

చదువు ఆగిపోతుందా?

చికిత్స తీసుకుంటే సెమిస్టర్ పోతుందన్న భయంతో చాలామంది వాయిదా వేస్తారు. చాలా కేంద్ర విద్యాసంస్థల నిబంధనల్లో వైద్య కారణాలతో సెలవు, సెమిస్టర్ విరామం తీసుకునే వీలుంటుంది. అయితే వైద్యుడి ధ్రువపత్రం, గడువులోగా దరఖాస్తు ముఖ్యం. ఫలితాలు వచ్చాక చూపించే ధ్రువపత్రం కంటే, పరీక్షకు ముందు ఇచ్చినదానికి విలువ ఎక్కువ.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉన్నాయి. నిర్దేశిత స్థాయిలో ధ్రువీకరణ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు కోరవచ్చు.

స్నేహితులు, తల్లిదండ్రులు ఏం చేయాలి?

మార్పును ముందుగా చూసేది రూమ్‌మేట్. మెస్‌కు రావడం మానేయడం, రాత్రంతా మేల్కొని పగలు పడుకోవడం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచేయడం, 'నేను అందరికీ భారమే' అనడం తేలిగ్గా తీసుకోవాల్సినవి కావు. అలాంటప్పుడు 'చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా' అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వల్ల చాలాసార్లు మాట బయటికొస్తుంది. అవునంటే ఆ వ్యక్తిని ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. వార్డెన్‌కు, కౌన్సెలర్‌కు వెంటనే తెలియజేయాలి.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు రోజూ ఫోన్‌లో అడిగేవి సాధారణంగా రెండే: తిన్నావా, పరీక్ష ఎలా రాశావు. మూడోది 'రాత్రి నిద్ర పడుతోందా' అన్న ప్రశ్న. దానికి మార్కులతో సంబంధం లేదు కనుక పిల్లలు దాచుకోవాల్సిన అవసరం తక్కువ. బాలేదని చెప్పినప్పుడు 'అందరూ చదవడం లేదా' అనే బదులు, టికెట్ బుక్ చేసుకుని ఒకసారి వెళ్లి చూసిరావడం మేలు.

చేరిన మొదటి వారంలో తెలుసుకోవాల్సినవి

హాస్టల్ గది కేటాయించిన రోజే, కుటుంబం పక్కనుండగానే అడిగి రాసిపెట్టుకోవాల్సినవి ఇవి. కౌన్సెలర్ గది ఎక్కడ, ఏ సమయాల్లో ఉంటారు? అపాయింట్‌మెంట్ ఎలా, పేరు అందరికీ కనిపించేలా రిజిస్టర్‌లో రాయాలా? కౌన్సెలర్‌కు ఏయే భాషలు వచ్చు? రాత్రి రెండింటికి ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, వాహనం ఎవరు పంపుతారు? ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది? బీమా పాలసీ నంబరు ఏమిటి? మానసిక ఆరోగ్య విధానం వెబ్‌సైట్‌లో ఎక్కడుంది?

వీటికి కాలేజీ దగ్గర సమాధానాలు ఉండాలి. లేకపోతే, 2025 జులై తీర్పును ప్రస్తావిస్తూ డీన్‌కు, రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అడగొచ్చు. తల్లిదండ్రులూ అడగొచ్చు.

మానసిక ఒత్తిడిలో ఉన్నవారు, వారి గురించి ఆందోళన పడుతున్నవారు టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.